పేరు దిద్దుట, పేరు వ్రాయుట

నాలుగైదేండ్ల బిడ్డకు పలక చూపి, "నీకేమి వ్రాసిపెట్టవలెను?" అని అడిగి చూడుడు. అకారము వ్రాయుమనదు, ఆవు అని వ్రాయుమనదు. "నా పేరు" అనును. లోకములోని మాటలన్నింటిలో ఆ బిడ్డ తనదని చెప్పుకొనగలది అదియొక్కటే. పుట్టినది మొదలు చెవితో వినుచున్న ఆ పిలుపు గీతలుగా మారినచో ఎట్లుండునో చూడవలెనని దాని ఆరాటము.

ఆ ఆరాటమును తీర్చు పద్ధతి మన యిండ్లలో తరతరములుగా ఉన్నది. పెద్దలు పేరు వ్రాసియిత్తురు. పిల్లలు దానిమీద మరల మరల దిద్దుదురు. అట్లు వ్రాసియిచ్చిన మాదిరినే ఒరవడి యందుము. ఈ దిద్దుట వలన కలుగు మేలెంత, దాని హద్దు ఎక్కడ, ఆ హద్దు మరచినచో కలుగు నష్టమేమి, ఈ మూడు సంగతులను శ్రోతలకు విన్నవింపదలచితిమి.

విజయదశమి నాడో శ్రీపంచమి నాడో అక్షరాభ్యాసము చేయించునపుడు పళ్లెరములో బియ్యము పోసి, తండ్రియో గురువో బిడ్డ వ్రేలు పట్టుకొని వ్రాయించుట మన ఆచారము. 'ఓం నమః' అను ఆ తొలి మాటల నుండియే 'ఓనమాలు' అను పేరు వచ్చినది. ఇందుకై నేటికిని బాసర సరస్వతీ క్షేత్రమునకు దూరప్రాంతముల నుండి బిడ్డలను తీసికొని వచ్చుచుందురు.

ఈ వాడుక ఎంత పాతదో తెలుపు పత్రమొకటి కలదు. ఏ. డి. కాంబెల్ అను ఆంగ్లేయుడు 1816లో తెలుగునకు ఇంగ్లీషున వ్యాకరణము వ్రాసి ప్రకటించెను. బళ్లారి జిల్లా కలెక్టరుగా ఉన్నపుడు ఆయన 1823లో అచటి బడులను గూర్చి మద్రాసు ప్రభుత్వమునకు ఒక నివేదిక పంపెను. జిల్లాలో 533 బడులును, వానిలో 6,641 మంది విద్యార్థులును ఉన్నట్లు ఆయన లెక్క. వానిలో కన్నడపు బడులు, తెలుగు బడులే హెచ్చు. ఐదవ యేట బిడ్డను వినాయక ప్రతిమ యెదుట కూర్చుండబెట్టి బియ్యములో వ్రేలితో దైవనామము వ్రాయించుటయు, పిమ్మట బడిలో నేలమీది ఇసుకలో వ్రేలితో అక్షరములు నేర్పుటయు, చేయి తిరిగిన తరువాతనే తాటాకును గంటమును గాని, కాగితమును కలమును గాని ఇచ్చుటయు ఆయన వర్ణించెను. ఐరోపాలో అక్షరములను ముందు నోటితో పలికింతురు, ఇచట ముందు చేతితో వ్రాయింతురు అని ఆయన గుర్తించిన భేదము ఇప్పటికిని ఆలోచింపదగినది.

అంతకుముందే ఈ పద్ధతి ఓడనెక్కి సీమకు పోయినది. 1789లో మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర పాఠశాల బాధ్యతను స్వీకరించిన ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు, ఒక నాటుబడిలో పిల్లలు ఇసుకపై వ్రేళ్లతో వ్రాయుట చూచి, తన బడిలోను అట్లే చేయించెను. తన అనుభవమును 1797లో లండనున పుస్తకముగా వెలువరించెను. తరువాత ఇంగ్లండులోని పేదపిల్లల బడులలో ఇసుక బల్లలు వెలసినవి.

ఇతర దేశములవారును దీనిని ఎరుగకపోలేదు. సుమారు 1,900 ఏండ్ల క్రిందట రోమునగరమున క్వింటిలియన్ అను విద్యావేత్త, కొయ్యపలకపై అక్షరములను గాడులుగా చెక్కించి, ఆ గాడులలో గంటము నడపించినచో పిల్లల చేయి ప్రక్కకు జారదని వ్రాసెను. ఆ నగరముననే 1907లో శిశువిద్యాలయము నెలకొల్పిన మరియా మాంటిసోరి, గరుకు కాగితముతో అక్షరములు కత్తిరించి అట్టలకు అంటించి, వానిని వ్రేళ్లతో తడుముచు ధ్వనిని పలుకునట్లు పిల్లలకు నేర్పినది. ఆమెయే 1939లో మద్రాసు అడయారునకు వచ్చి మన ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చినది.

ఇంతమంది మెచ్చిన పద్ధతిలో మేలు లేకుండునా? ఉన్నది. అక్షరమును చూచుట వేరు, అక్షరపు నడక తెలియుట వేరు. ఎక్కడ మొదలుపెట్టవలెను, ఎటు తిరుగవలెను, ఎక్కడ ఆగవలెను అను మూడు సంగతులను కన్నుకంటె వ్రేలు త్వరగా నేర్చుకొనును. మన తెలుగు అక్షరములు గుండ్రనివి. గీతకంటె వంపు హెచ్చు. వంపు తిప్పుటకు మణికట్టు లొంగవలెను. గుండ్రము చుట్టిన పిదప తలకట్టు పెట్టవలెను. జ, ట, బ, ల వంటి వానికి ఆ తలకట్టు ఉండదు. ఈ మర్యాదలన్నియు నోటితో చెప్పిన బిడ్డకు తలకెక్కవు. నాలుగుసార్లు వ్రేలు నడిచినచో చేతికెక్కును.

అయితే ఇసుకలో దిద్దుటకును, నేడు అంగళ్లలో దొరకు చుక్కల పుస్తకములలో దిద్దుటకును ఒక గొప్ప భేదము కలదు. ఇసుకలో గురువు వ్రాసిన అక్షరముపై బిడ్డ రెండు మూడుసార్లు వ్రేలు నడపినంతనే ఆ ఒరవడి చెదరిపోవును. అరచేతితో ఇసుకను చదును చేసిన వెనుక మిగులునది బిడ్డ మనసులోని అక్షరమే. ఇక దానిని చూచియే వ్రాయవలెను. అచ్చుపుస్తకములోని చుక్కలు చెదరవు. నూరవ పుటలోను మొదటి పుటలోని చుక్కలే. సెల్‌ఫోను తెరమీది ఆటలలోను అంతే. గీత దాటనంతకాలము మెప్పు దొరకును. బిడ్డ చూపు చుక్క వెంట పోవును గాని అక్షరము వెంట పోదు. బాట వెంట నడచువాడు ఊరి దారి నేర్చినట్లు కాదు గదా!

ఈ భేదమును పరిశీలించిన ప్రయోగము ఒకటి 2012లో వెలువడినది. అమెరికాలో ఇండియానా విశ్వవిద్యాలయమునకు చెందిన కారిన్ జేమ్స్ అను పరిశోధకురాలు, ఇంకను చదువ నేర్వని ఐదేండ్ల ప్రాయపు పిల్లలచే కొన్ని ఇంగ్లీషు అక్షరములను చూచి సొంతముగా వ్రాయించినది, కొన్నింటిని చుక్కలపై దిద్దించినది, కొన్నింటిని మీటలు నొక్కి అచ్చు కొట్టించినది. పిమ్మట ఆ అక్షరములను చూపుచు వారి మెదడు పనిచేయు తీరును యంత్రముతో పరీక్షించినది. చదువునపుడు పెద్దల మెదడులో మేల్కొను భాగములు, ఆ పిల్లలు సొంతముగా వ్రాసిన అక్షరములను చూచినపుడు మేల్కొన్నవి. దిద్దిన అక్షరములకు గాని, మీట నొక్కిన అక్షరములకు గాని అట్లు మేల్కొనలేదు. ప్రయోగము కొద్దిమంది పిల్లలపై జరిగినది. అక్షరములును మనవి కావు. అయినను బడిపంతుళ్లు అనుభవముచే ఎరిగిన సంగతినే అది చెప్పుచున్నది. వంకరటింకరగా నైనను తానై వ్రాసిన అక్షరమే బిడ్డది.

మీ బిడ్డ పేరు దిద్దుచున్నదా, వ్రాయుచున్నదా అని తెలిసికొనుటకు సులభమైన పరీక్ష యొకటి కలదు. లత అను బాలిక తన పేరు చక్కగా వ్రాసినది. మంచిది. "ఇప్పుడు తల అని వ్రాయుము" అని అడుగుడు. అవే రెండక్షరములు, వరుస మాత్రమే వేరు. లత వ్రాయగలిగి తల వ్రాయలేకున్నచో ఆ పాప అక్షరములు నేర్వలేదు, ఒక బొమ్మను గీయుట నేర్చినది. రవి అను బాలుని వరి వ్రాయుమనుడు. వ మీది గుడి ర మీదికి పోవలెను, ర మీది తలకట్టు వ మీదికి రావలెను. రాజు అను బాలుని జారు అని వ్రాయుమనుడు. దీర్ఘమును కొమ్మును చోట్లు మార్చుకొనవలెను. ఇది పరీక్షవలె కాక ఆటవలె సాగవలెను. తన పేరులో ఇంకొక మాట దాగియున్నదని తెలిసినపుడు పిల్లల ముఖములలో కనుపించు ఆశ్చర్యమును చూచినవారికి, చదువు చెప్పుటలోని సుఖమేమో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇచట మన లిపిలో ఒక చిక్కు కలదు. కమల, రమ వంటి పేర్లు పెట్టిన తలిదండ్రులు, తెలియకయే పంతులుగారికి గొప్ప సాయము చేసినవారు. లక్ష్మి మాట అట్లు కాదు. లకారము తేలిక. రెండవ అక్షరములో కకారముపై గుడి, అడుగున షవత్తు, దానికితోడు మవత్తు. కృష్ణ అనుటకు వట్రుసుడి కావలెను, ణవత్తు కావలెను. శ్రీనివాసు అనుటకు మొదటి అక్షరముననే క్రావడియు గుడిదీర్ఘమును వచ్చిపడును. బడిలో వత్తుల పాఠము వచ్చుటకు ఎంతయో కాలము పట్టును. అంతవరకు ఆ బిడ్డ తన పేరు కొరకు వేచియుండవలెనా?

వేచియుండనక్కరలేదు. కాని రెండు పనులను వేరుచేయవలెను. పేరు మొత్తమును గుర్తుపట్టుట ఒక పని, దానిలోని అక్షరములను ఒక్కొక్కటిగా వ్రాయనేర్చుట మరొక పని. మొదటిది వెంటనే జరుగవచ్చును. రెండవదానిలో తేలికయైన అక్షరముతో మొదలుపెట్టవలెను. లక్ష్మికి ముందు 'ల' చేతికి రావలెను. తరువాత 'మి', ఆ తరువాత 'క్షి', చివరకు అవి కలిసిన రూపము. ఇంతలో చప్పట్లతో పేరును విడదీయింపుడు. రా-ము, రెండు చప్పట్లు. క-మ-ల, మూడు. లక్ష్-మి అని నోరు విడదీసినను, కాగితముమీద ల యొకటి, క్ష్మి యొకటి. పలుకు విరుగు చోటును వ్రాత విరుగు చోటును వేరని తెలియజెప్పుటకు ఇంతకంటె మంచి సందర్భము దొరకదు.

ఇక ఇంటివద్ద ఏమి చేయవలెనో క్రమముగా చెప్పెదము.

బలపమునకు ముందు వ్రేళ్లకు పని నేర్పవలెను. చిక్కుడుకాయల ఈనెలు తీయుట, బటానీలు వలచుట, పిండి పిసుకుట, పూలు గ్రుచ్చుట, ఇవన్నియు వ్రాతకు పూర్వపాఠములే. ముంగిట తల్లి వేయు చుక్కల ముగ్గు మరియు గొప్ప పాఠము. చుక్క నుండి చుక్కకు వంపు తిప్పి మరల మొదటికి వచ్చుట తెలిసిన చేతికి తెలుగు అక్షరము పరాయిది కాదు. మగపిల్లలకును ముగ్గుపిండి ఇయ్యవలెను.

రెండవది, బిడ్డ పేరు ఇంటిలో కనుపించవలెను. మంచినీళ్ల సీసామీద, పుస్తకముల సంచిమీద, చెప్పులు పెట్టుకొను చోట తెలుగులో పెద్దగా వ్రాసి ఉంచుడు. వ్రాయునపుడు బిడ్డ ఎదుట గాక ప్రక్కన కూర్చుండుడు. ఎదుట కూర్చున్నచో అక్షరము వానికి తలక్రిందుగా కనుపించును. చేయి నడచుచుండగా, "ఇచట మొదలుపెట్టితిని, ఇటు తిరిగితిని, ఇపుడు తలకట్టు" అని నోటితో చెప్పుచు వ్రాయుడు.

మూడవది ఇసుక. ఇసుక లేనిచో రంగు పళ్లెములో పలుచగా పరచిన రవ్వయో బియ్యపుపిండియో చాలును. మీరు వ్రాసినదానిపై బిడ్డ వ్రేలు నడపవలెను, చెరుపవలెను, తానే వ్రాయవలెను.

నాలుగవది పలక. ఆంధ్రదేశమున మార్కాపురము పలకలకు పేరుపడినది. రాతిపలక నేడు చాల ఇండ్లలో అటకెక్కినది గాని, దానితో చేయదగిన మేలైన పని యొకటి కలదు. మీరు బలపముతో పేరు పెద్దగా వ్రాయుడు. బిడ్డ వ్రేలు తడిచేసికొని దానిపై దిద్దవలెను. తెల్లని గీత మాసిపోయి తడి గీత మిగులును. ఆ తడి ఆరిపోవులోపల దానిపై బలపముతో వ్రాయవలెను. చివరకు ఉత్తపలకపై వ్రాయవలెను. ఒరవడి కరగిపోవుచుండగా బిడ్డ జ్ఞాపకము గట్టిపడుచుండును. ఇసుక చేసిన పనినే ఇచట నీరు చేయుచున్నది.

కాగితమునకు వచ్చినపుడును ఇదే నియమము. మొదటి దినములలో పేరంతయు లేతగా వ్రాసియిండు. తరువాత చివరి అక్షరము విడిచిపెట్టుడు. మరి కొన్నాళ్లకు ఒక్కొక్క అక్షరమునకు మొదలు తెలుపు చుక్క మాత్రము పెట్టుడు. పిమ్మట అదియు వలదు. మాదిరిని చూపి, మూసి, వ్రాయుమని చెప్పి, మరల తెరచి, తానే పోల్చుకొనునట్లు చేయుడు. తప్పు మీరు చూపుటకంటె తాను కనిపెట్టుట మేలు. రోజునకు ఐదు నిమిషములు, మించినచో పది. నూరుసార్లు వ్రాయించుట వలన చేయి నొచ్చును, అక్షరము అరుగును, పేరుమీద విసుగు పుట్టును. తన పేరుమీదనే విసుగు పుట్టిన బిడ్డకు ఇక ఏ మాటమీద ప్రీతి కలుగును?

మూడేండ్లకే పేరు వ్రాయలేదని బాధపడుట తగదు. అందరి వ్రేళ్లును ఒకే నాటికి లొంగవు. బిడ్డ చేతిని మీ పిడికిట బిగించి నడపకుడు. అట్లు నడచినది మీ చేయి, బిడ్డది కాదు. బలపము చిన్న ముక్కయైనచో మూడు వ్రేళ్లతో పట్టుటకు అనువుగా నుండును. ఎడమచేతివాటము తప్పు కాదు, అపశకునము కాదు. దానిని కొట్టి మాన్పించుట వలన వ్రాతయు చెడును, మనసును చెడును. ఎడమచేతితో వ్రాయు బిడ్డకు మాదిరిని కుడిప్రక్కన ఉంచినచో చేయి దానిని కప్పదు. ఆరేడేండ్లు వచ్చి, ఓపికతో నేర్పినను అక్షరము నిలువకున్నచో, గద్దింపక కంటివైద్యునికి చూపి, ఉపాధ్యాయునితో మాటలాడుడు.

నేడు చాల ఇండ్లలో పేరును ముందుగా ఇంగ్లీషు అక్షరములలోనే దిద్దింతురు. అదియు కావలసినదే. కాని తెలుగున అక్షరమెట్లో పలుకు ఇంచుమించు అట్లే. ర వ్రాసిన ర యనియే చదువుదుము. నోటిలోని ధ్వనికి చేతిలోని గీతకు గల ఈ ముడి ఒకసారి తెలిసిన బిడ్డకు రెండవ లిపి బరువు కాదు. ఇంటిభాషలోని పేరును పదవ యేట పరాయి లిపివలె నేర్చుకొనవలసిన గతి మన బిడ్డలకు పట్టనీయరాదు.

చివరి మాట పెద్దలను గూర్చినది. 2011 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఏడేండ్లు దాటినవారిలో నూటికి సుమారు 67 మందియే అక్షరాస్యులు. ఆ లెక్కలలో అక్షరాస్యుడనగా ఏదేని ఒక భాషలో అర్థము తెలిసి చదువను వ్రాయను నేర్చినవాడు. సంతకము మాత్రము దిద్ది నేర్చినవాడు ఆ లెక్కలో చేరడు. అది కఠినముగ తోచవచ్చును గాని న్యాయమే. బొటనవ్రేలి ముద్రకు బదులు బొమ్మవంటి సంతకము వచ్చినంత మాత్రమున కాగితములో ఏమి వ్రాసియున్నదో తెలియదు గదా! 1990 దశకపు తొలి యేండ్లలో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమములో పేరు వ్రాయుటతో మొదలుపెట్టిన స్త్రీలు పేరుతో ఆగలేదు. తమ బ్రతుకులను గూర్చిన పాఠములు చదివిరి, చర్చించిరి. దూబగుంటలో లేచిన సారా వ్యతిరేక ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1993లో సారా నిషేధమునకు దారితీసినది. పేరు గడప వంటిది. గడపమీద నిలుచుటకు కాదు, దాటుటకు.

కావున ఇంటిలో చదువురాని అమ్మమ్మయో నాయనమ్మయో ఉన్నచో, మనుమరాలు ఇసుకలో పేరు దిద్దువేళ ఆమెను గూడ ప్రక్కన కూర్చుండబెట్టుడు. ఒకే పళ్లెరమున ఇద్దరి పేర్లును పట్టును. ఒరవడి పెట్టుట పెద్దల ధర్మము. దానిని తగిన సమయమున తీసివేయుటయు వారి ధర్మమే. మొదటిది అందరును చేయుచునే యున్నారు. రెండవదానికి కొంత ధైర్యము కావలెను. బిడ్డ వ్రాసిన తొలి సొంత అక్షరము వంకరగా వచ్చును. రబ్బరు తీసి దానిని చెరిపి, మరల చుక్కలు పెట్టబోకుడు. ఆ వంకర యక్షరమునే ఇంటిగోడకు అంటింపుడు.